నిలిపే చెట్టు, పారించే చెట్టు

మూత్ర విసర్జనను ఉత్తర తెలంగాణ పల్లెల్లో ‘ఒంటికి పోవుడు’ అంటారు, మూత్రాన్ని ‘ఒంటేలు’ అంటారు. నలుగురిలో అనడానికి ఇంత మర్యాదైన మాటలు ఉన్నప్పటికీ, రాత్రికి నాలుగైదు సార్లు లేవవలసి వస్తున్నదన్న సంగతిని వయసు మీద పడినవారు, ఏళ్ల తరబడి షుగరుతోనో గుండె జబ్బుతోనో బతుకుతున్నవారు ఇంటివారికి కూడా చాలా ఆలస్యంగా చెబుతారు; చెప్పిన తరువాత దవాఖానకు పోవడానికి ముందు చెట్లమందు వైపు చూడడం కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలలో సాధారణం. దీనిని అజ్ఞానంగా లెక్కగట్టడం తొందరపాటవుతుంది. కవ్వాల అడవుల అంచున ఉండే గోండులు, కొలాములు, నాయకపోడులకు ఏ బెరడు వగరో, ఏ వేరును ఏ కార్తెలో తవ్వాలో తరతరాలుగా తెలుసు. మైదానపు ఊళ్లలో తంగేడు, నేరేడు, పల్లేరు, గలిజేరు ఇంటి వెనుకనో పొలం గట్టునో దొరుకుతాయి. అంగడిలో ఎండు వేళ్లు, బెరడు ముక్కలు రాశులు పోసి అమ్మేవారు ఇప్పటికీ కనిపిస్తారు. చెట్టు చేతికందేంత దగ్గర ఉన్నది, నమ్మకమూ ఉన్నది. ఈ రెంటి మధ్య తరచుగా తప్పిపోతున్న ప్రశ్న ఒకటే: మూత్రం ఎందుకు ఎక్కువవుతున్నది?

ఆ ప్రశ్న లోపలే రెండు వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. రోజు మొత్తం మీద వచ్చే మూత్రం పరిమాణం పెరగడం ఒకటి, పరిమాణం మామూలుగానే ఉండి కొద్దికొద్దిగా ఎక్కువ సార్లు రావడం మరొకటి. ఆరోగ్యవంతులైన పెద్దలలో 24 గంటల మూత్రం సాధారణంగా రెండు లీటర్లకు లోపే ఉంటుంది. అది మూడు లీటర్లు దాటితే వైద్యశాస్త్రం దానిని అతిమూత్రంగా పరిగణిస్తుంది. రెండవ రకంలో లీటరున్నర మూత్రమే పదిహేను విడతలుగా రావచ్చు, అప్పుడు లోపం మూత్రం తయారయ్యే చోట కాక అది నిలువ ఉండే మూత్రాశయంలోనో, దాని కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథిలోనో, దానిని అదుపు చేసే నరాలలోనో ఉంటుంది. మొదటిదానికి పనికివచ్చే మందు రెండవదానికి పనికిరాదు, కొన్నిసార్లు కీడు కూడా చేస్తుంది.

ఈ తేడాను ప్రాచీన ఆయుర్వేదం చాలా స్పష్టంగా గుర్తించింది, కానీ ఆ స్పష్టత నేటి చెట్లమందు వాడకంలో సగం మాత్రమే మిగిలింది. చరక సంహిత ఔషధ ద్రవ్యాలను అవి చేసే పనిని బట్టి 50 వర్గాలుగా విభజించి ఒక్కొక్క వర్గంలో పదేసి ద్రవ్యాలను చెప్పింది. వాటిలో ‘మూత్ర సంగ్రహణీయం’ అనే వర్గం మూత్రాన్ని నిలిపేది, ‘మూత్ర విరేచనీయం’ అనే వర్గం మూత్రాన్ని పారించేది. నిలిపే వర్గంలో నేరేడు, మామిడి, జువ్వి, మర్రి, మేడి, రావి, నల్లజీడి వంటివి ఉన్నాయి. వీటిలో చాలావాటి బెరడులో, గింజలో వగరు రుచినిచ్చే టానిన్లు దండిగా ఉండడం గమనించదగినది, ఎందుకంటే ఆయుర్వేదం వగరుకు చెప్పే గుణం కూడా బిగించడం, ఆపడం. పారించే వర్గంలో పల్లేరు, దర్భ, రెల్లు, పాషాణభేది, చెట్లపై పెరిగే బదనిక వంటివి వస్తాయి. గలిజేరు, కొండపిండి కూర, కరీంనగర్ చేలలో విస్తారంగా పండే మక్క కంకుల పీచు కూడా జనవ్యవహారంలో ఈ పారించే పనికే వాడతారు. అంటే ‘మూత్రం మందు’ అన్న ఒక్క పేరుతో అంగడిలో పక్కపక్కనే దొరికే రెండు పొట్లాలు పూర్తిగా ఎదురెదురు పనులు చేసేవి కావచ్చు. మూత్రం మాటిమాటికీ వస్తున్నదని చెప్పిన వృద్ధుడికి పల్లేరు కాయల కషాయం ఇస్తే ఇబ్బంది రెట్టింపవుతుంది, మూత్రం పూర్తిగా బయటికి రాక బొట్లుబొట్లుగా కారుతున్నవాడికి వగరు బెరడు ఇస్తే అసలే నిండి ఉన్న మూత్రాశయం ఇంకా బిగుసుకుపోయే ప్రమాదం ఉంటుంది.

మూత్రం అతిగా రావడాన్ని ఆయుర్వేదం ‘ప్రమేహం’ కింద విచారిస్తుంది. ఈ పదంలోని ‘మిహ్’ ధాతువుకు తడపడం, మూత్రం విడవడం అని అర్థం. కఫం వల్ల కలిగేవి 10, పిత్తం వల్ల కలిగేవి 6, వాతం వల్ల కలిగేవి 4, మొత్తం 20 ప్రమేహాలను ప్రాచీనులు లెక్కించి, మూత్రం తేనెలా తియ్యగా ఉండే మధుమేహాన్ని వాతజాలలో చేర్చి దానిని నయం చేయడం అసాధ్యమని నిర్మొహమాటంగా రాశారు. పిత్తజ ప్రమేహాలను ‘యాప్యాలు’ అన్నారు. పూర్తిగా పోకపోయినా పథ్యం, ఔషధం కొనసాగినంత కాలం అదుపులో ఉండే వ్యాధి యాప్యం. దీర్ఘరోగాన్ని గురించి ఇంతకంటే నిజాయితీ ఉన్న మాట మరొకటి దొరకడం కష్టం. ‘మూడు నెలల్లో షుగరు మాయం’ అని గోడల మీద రాయించేవారు తాము ఉటంకించే గ్రంథాలలోనే ఈ మాట ఉన్నదని చెప్పరు.

చక్కెర లాగే నీరు

తెలంగాణ పల్లెల్లో అతిమూత్రానికి మొదట అనుమానించవలసినది మధుమేహమే. 2023లో ప్రచురితమైన భారత వైద్య పరిశోధన మండలి దేశవ్యాప్త అధ్యయనం మన దేశంలో 10.1 కోట్ల మంది మధుమేహులు ఉన్నట్లు అంచనా వేసింది. మూత్రపిండాలు రక్తాన్ని వడగట్టేటప్పుడు చక్కెరను తిరిగి లోపలికి పీల్చుకుంటాయి, కానీ రక్తంలో చక్కెర డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే ఆ పీల్చుకునే శక్తి చాలక మిగిలినది మూత్రంలోకి జారిపోతుంది, జారిపోతూ తనతోపాటు నీటిని లాగుకుపోతుంది. నీరు పోయినందువల్ల దాహం, దాహం తీర్చుకున్నందువల్ల మళ్లీ మూత్రం. కనుక ఇక్కడ మూత్రాన్ని ఆపే మూలిక కోసం వెదకడం చిల్లిపడిన కుండను వదిలి కారిన నీటిని తుడవడం వంటిది. రక్తంలో చక్కెరను దించగలిగినదే అసలైన మూత్ర సంగ్రహణ ఔషధం.

ఈ కోణం నుండి చూసినప్పుడు హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో మెంతుల మీద జరిగిన పని ప్రత్యేకంగా తలచుకోదగినది. అక్కడి శాస్త్రవేత్తలు ఆర్.డి. శర్మ, టి.సి. రఘురామ్, ఎన్. సుధాకర్ రావు 1990లో ప్రచురించిన అధ్యయనంలో టైప్-1 మధుమేహం ఉన్నవారికి నూనె తీసేసిన మెంతి పిండిని రోజుకు 100 గ్రాములు, రెండు పూటల ఆహారంలో కలిపి పది రోజుల పాటు ఇచ్చినప్పుడు, పరగడుపు చక్కెర తగ్గడంతోపాటు 24 గంటల మూత్రంలో పోయే చక్కెర 54 శాతం తగ్గింది. మూత్రంలో పోయే చక్కెర సగానికి పడిపోవడమంటే అది లాగుకుపోయే నీరు కూడా తగ్గడమే. మెంతుల్లోని జిగురు పీచు ఆహారంలోని చక్కెరను పేగు నుండి రక్తంలోకి నెమ్మదిగా వదలడం దీనికి ముఖ్య కారణం. అయితే 100 గ్రాములు అంటే పోపులో వేసే చిటికెడు కాదు, చారెడుకు మించిన పిండి, అది కూడా వైద్యుల కనుసన్నలలో ఇచ్చినది. ఇన్సులిన్ గానీ గోళీలు గానీ వాడుతున్నవారు మెంతులను పెద్ద మోతాదులో మొదలుపెడితే చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు కాబట్టి మందుల మోతాదును వైద్యుడు సరిచూడవలసి ఉంటుంది.

ఆదిలాబాద్ అడవులలో ఏగిస, పెద్దేగి, వేగిస అనే పేర్లతో పిలిచే చెట్టుకు ఆయుర్వేదంలో బీజక, విజయసార అనే పేర్లున్నాయి. దాని చేవ కర్రను రాత్రి నీటిలో నానబెడితే తెల్లవారేసరికి ఆ నీరు వెలుగులో నీలపు ఛాయలో మెరుస్తుంది. ఆ కర్రతో చేసిన గ్లాసులు షుగరు మందుగా ఊరూరా అమ్ముడవుతుంటాయి. భారత వైద్య పరిశోధన మండలి 1998లో ప్రచురించిన బహుకేంద్ర పరిశీలనలో కొత్తగా మధుమేహం బయటపడిన 97 మందికి విజయసార ఇవ్వగా 67 మందిలో 12 వారాలకు చక్కెర అదుపులోకి వచ్చింది. ఈ ఫలితం చిన్నది కాదు, కానీ అది ‘ఓపెన్ ట్రయల్’, అంటే ఇస్తున్నదేమిటో వైద్యుడికీ రోగికీ తెలిసి, పోల్చిచూడడానికి మందు లేని మరో బృందం లేకుండా జరిపిన పరీక్ష. పైగా అందులో ఉన్నవారు కొత్త రోగులు, పదేళ్లుగా ఇన్సులిన్ మీద ఉన్నవారు కారు. ఇంకొక సంగతి కూడా పట్టించుకోవాలి. ఆకు కోస్తే చెట్టు మళ్లీ చిగురిస్తుంది, చేవ కర్ర కావాలంటే మాత్రం చెట్టునే నరకాలి. 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన కవ్వాలలో ఆ పని నేరం. ఈ గ్లాసుల వ్యాపారం పెరిగేకొద్దీ ఏగిస చెట్టు అడవి నుండి తరిగిపోవడం ఏ వైద్యానికీ మంచిది కాదు.

నాలుక మీద తీపిని కాసేపు తెలియకుండా చేసే పొడపత్రి మీద మద్రాసులో జరిగి 1990లో ప్రచురితమైన పరిశీలనలో, గోళీలతోపాటు ఆ ఆకు సారాన్ని 18 నుండి 20 నెలలు తీసుకున్న 22 మంది టైప్-2 మధుమేహులలో ఐదుగురు గోళీలు మానగలిగారు. మిగిలిన 17 మంది మానలేకపోయారన్నది కూడా అదే పరిశీలన చెప్పిన సత్యం. నేరేడు గింజలను ఇన్సులిన్ రాకకు ముందు యూరప్‌లో కూడా మధుమేహానికి వాడేవారు, కానీ బ్రెజిల్‌లో నేరేడు జాతి ఆకుల కషాయాన్ని పరీక్షించినవారు చక్కెర మీద దాని ప్రభావం ఏమీ కనబడలేదని 2000లో ప్రకటించారు. గింజ వేరు, ఆకు వేరు. ఒకే చెట్టులో ఏ భాగమన్నది కూడా మందును మార్చివేస్తుంది. బతుకమ్మలో పేర్చే తంగేడు పూలను, తెలంగాణ రాష్ట్ర పుష్పాన్ని, ఎండబెట్టి కాచుకుని తాగే అలవాటుకు వెనుక ఉన్న పరిశోధనలో జంతువులపై చేసినవే ఎక్కువ.

చెట్టు నుండి వచ్చిన మందులంటే కషాయాలు మాత్రమే అనుకోవడం కూడా పొరపాటే. మధ్యయుగపు యూరప్‌లో అతిమూత్రానికి, తీరని దాహానికి వాడిన గాలెగా అనే మొక్కలోని గ్వానిడిన్ జాతి రసాయనం నుండి నడిచిన పరిశోధనే 1957లో ఫ్రాన్సు వైద్యుడు జాఁ స్టెర్న్ చేతుల మీదుగా మెట్‌ఫార్మిన్‌ను మధుమేహ చికిత్సలోకి తెచ్చింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇచ్చే ఆ తెల్ల గోళీ వంశవృక్షంలో ఒక మూలిక ఉన్నది. 1835లో ఆపిల్ చెట్టు వేరు బెరడు నుండి తీసిన ఫ్లోరిజిన్ దారిలో పుట్టిన డాపాగ్లిఫ్లోజిన్ వంటి కొత్త గోళీలు చక్కెరను కావాలనే మూత్రంలోకి పంపుతాయి, కాబట్టి వాటిని వాడేవారికి మూత్రం కొంత పెరగడం ఆ మందు పనిచేస్తున్నదనడానికి గుర్తు. ఈ సంగతి ఎవరూ చెప్పక, పెరిగిన మూత్రాన్ని ఆపడానికి వగరు చూర్ణం మొదలుపెట్టిన రోగి తన మందుతో తానే పెనుగులాడుతున్నట్లు లెక్క.

అదే విధంగా నల్ల నువ్వులను బెల్లంతో దంచి ముద్దగా తినిపించడం పక్క తడిపే పిల్లలకు, మూత్రం ఆపుకోలేని వృద్ధులకు ఇంటింటా చెప్పే చిట్కా. షుగరు లేని పిల్లవాడికి అది మంచి తిండి. మధుమేహమున్న ముసలమ్మకు మాత్రం ఆ బెల్లం రక్తంలో చక్కెరను పెంచి, ఏ బాధకైతే ఇచ్చారో ఆ బాధనే ఇంకా ఎక్కువ చేస్తుంది.

కాళ్లలో నిలిచిన నీరు

పగలంతా మామూలుగా ఉండి పడుకున్న తరువాతనే మళ్లీమళ్లీ లేవవలసి వచ్చేవారిలో చాలామంది సాయంత్రానికి కాళ్లు పొంగేవారు. గుండె బలహీనపడినప్పుడు, మూత్రపిండాలు సరిగా పనిచేయనప్పుడు నీరు పాదాలలో, పిక్కలలో నిలుస్తుంది. మనిషి నడుం వాల్చగానే ఆ నీరు తిరిగి రక్తంలో కలిసి, రాత్రంతా మూత్రంగా బయటపడుతుంది. ఇలాంటివారికి పల్లేరు, గలిజేరు వంటి పారించే ద్రవ్యాలు సిద్ధాంతరీత్యా తగినవే, ఆయుర్వేద వైద్యులు శోఫ చికిత్సలో, అంటే వాపుల చికిత్సలో పునర్నవను (గలిజేరును) వాడడం కూడా అందుకే. కానీ ఇక్కడ వేళ ముఖ్యం. పారించే మందు, అది దవాఖానలో ఇచ్చే ఫ్రూసెమైడ్ అయినా గలిజేరు కషాయమైనా, రాత్రి భోజనం తరువాత తీసుకుంటే నిద్ర ఉండదు; పొద్దున గానీ మధ్యాహ్నం గానీ తీసుకుంటే నీరు పగలే పోతుంది. మధ్యాహ్నం గంటసేపు కాళ్లు ఎత్తుమీద పెట్టి పడుకోవడం ఏ ఖర్చూ లేని సహాయం. గోళీ, కషాయం రెండూ ఒకరికొకరు తెలియకుండా ఇద్దరు వైద్యులు ఇచ్చినప్పుడు నీరు మరీ ఎక్కువగా పోయి రక్తపోటు పడిపోవడం, లేచిన మనిషి తూలిపడడం జరుగుతాయి. గలిజేరులో పొటాషియం లవణాలు ఎక్కువ కాబట్టి టెల్మిసార్టాన్, స్పిరోనోలాక్టోన్ వంటి గోళీలు వాడేవారిలో, మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పే ప్రమాదం ఉన్నది. దీనికి తోడు గలిజేరు, అటికమామిడి అనే పేర్లు ఒకదానికొకటి పోలిన రెండు మూడు వేరువేరు మొక్కలకు ఊరును బట్టి మారుతుంటాయి.

పేర్ల తారుమారు ఎంత దూరం తీసుకుపోగలదో బెల్జియం చూసింది. బ్రస్సెల్స్‌లో బరువు తగ్గడానికి మూలికల గోళీలు వాడిన మహిళలలో మూత్రపిండాలు వేగంగా పాడవుతున్నట్లు 1993లో వైద్యులు ప్రకటించారు. ఒక చైనా మూలిక స్థానంలో దాని పేరును పోలిన మరొక మూలిక కలవడం, ఆ రెండవదానిలో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉండడం దీనికి కారణమని తేలింది. ఆ ఆమ్లం మూత్రపిండాల కణజాలాన్ని కోలుకోని విధంగా ఎండగట్టడమే కాక మూత్రనాళాలలో క్యాన్సర్ తెస్తుంది. ఇది దూరదేశపు కథగా విడిచిపెట్టదగినది కాదు, ఎందుకంటే తెలంగాణ నల్లరేగడి చేలలో పెరిగే గాడిదగడపాకు, నాటు వైద్యంలో పాము కాటుకు పేరుపడిన ఈశ్వరి వేరు రెండూ అదే అరిస్టోలోకియా ప్రజాతికి చెందినవి. చాలాకాలంగా జబ్బుపడినవారు, అందులోనూ మూత్రపిండాల శక్తి తగ్గుతున్నవారు ఈ రెంటినీ ఏ కషాయంలోనూ తాగకూడదు. మూత్రపిండాల జబ్బు తొలి దశలో రాత్రి మూత్రం పెరగడమే మొదటి సూచన కావచ్చు, అంటే మందు కోసం వెదుకుతున్న ఆ సమయంలోనే మూత్రపిండం అత్యంత సున్నితంగా ఉంటుంది. లోహాలతో చేసే ‘రసౌషధాల’ విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ప్రమేహానికి పేరుపొందిన వసంతకుసుమాకర రసంలో బంగారం, వెండితోపాటు పాదరసపు తయారీ, సీసపు భస్మం కూడా శాస్త్రోక్తంగానే ఉంటాయి. 2008లో అమెరికన్ వైద్య సంఘపు పత్రిక ప్రచురించిన పరీక్షలో ఇంటర్నెట్‌లో కొన్న 193 ఆయుర్వేద ఉత్పత్తులలో దాదాపు 21 శాతంలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి బయటపడింది.

ప్రోస్టేట్ పెరిగిన పురుషులకు ఆయుర్వేదం ఉలిమిరి బెరడును చెబుతుంది, పాశ్చాత్యులు సా పామెట్టో అనే ఈత జాతి పండును నమ్మారు. 2006లో అమెరికాలో 225 మంది పురుషులకు ఏడాది పాటు ఆ పండు సారాన్ని గానీ ఉత్తుత్తి గోళీని గానీ ఇచ్చి చూడగా రెంటికీ తేడా కనిపించలేదు. ఉలిమిరిని ఆ స్థాయిలో పరీక్షించవలసిన బాధ్యత వరంగల్‌లోని అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల వంటి మన సంస్థల మీదే ఉన్నది. మూత్రాశయం అదుపు తప్పి బిగుసుకునే జబ్బుకు నేడు ఇచ్చే కొన్ని గోళీలు ఉమ్మెత్తలోని అట్రోపిన్ పనిచేసే తీరులోనే పనిచేస్తాయి, కానీ ఉమ్మెత్త ఆకులో, గింజలో విషం ఎంత ఉంటుందో చెట్టు చెట్టుకూ మారుతుంది కాబట్టి దాని జోలికి పోవడం మతి తప్పడానికి, మూత్రం పూర్తిగా బిగబట్టడానికి, ప్రాణాపాయానికి దారితీస్తుంది.

ఏ మూలికా తీసుకోనివారు కూడా నీళ్లు తాగడం మానేసి తమకు తామే వైద్యం చేసుకుంటుంటారు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాలలో చాటను ఒడిలో పెట్టుకుని గంటల తరబడి బీడీలు చుట్టే మహిళలు లేచే తీరిక లేక, మరుగుదొడ్డి దగ్గర లేక నీరు తగ్గించుకుంటారు. రామగుండంలో ఎండ 45 డిగ్రీలు దాటే నెలలలో ఈ అలవాటు మూత్రాన్ని చిక్కబరిచి, మూత్రాశయాన్ని మండించి, చీము పట్టేలా చేసి, చివరికి ఒంటికి పోవడాన్ని ఇంకా ఎక్కువ చేస్తుంది. చలికాలంలో మాత్రం ఆదిలాబాద్‌లో మూత్రం కొంత పెరగడం ఒంటి ధర్మమే, చలికి చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని రక్తం లోపలి అవయవాలకు, మూత్రపిండాలకు ఎక్కువగా చేరడం దానికి కారణం.

మధుమేహాన్ని, ప్రోస్టేట్ రోగాలను, కొన్ని మూత్రపిండాల వ్యాధులను నయం చేస్తామని ప్రకటించడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. గోడ రాతలు ఆగలేదు. వాటిని నమ్మడానికి ముందు ఇంట్లో చేయదగిన పని ఒకటి ఉన్నది. కొలత గీతలున్న ఒక ప్లాస్టిక్ మగ్గు, ఒక నోటుపుస్తకం తీసుకుని మూడు రోజుల పాటు ఎన్ని గంటలకు, ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో, ఎంత నీరు, ఎన్ని చాయలు తాగారో, ఏ గోళీ, ఏ కషాయం ఏ వేళకు తీసుకున్నారో ఇంట్లో చదువు వచ్చినవారెవరైనా రాయాలి. మొత్తం మూడు లీటర్లు దాటితే చూపు చక్కెర మీద నిలవాలి, మూడో వంతు కంటే ఎక్కువ రాత్రే వస్తే కాళ్ల వాపును, గుండెను చూడాలి, చెంచాడు చెంచాడుగా ఇరవై సార్లు వస్తే మూత్రాశయాన్ని, ప్రోస్టేట్‌ను చూడాలి. మంట, జ్వరం, రక్తం కనబడితే ఏ కషాయం కోసమూ ఆగకూడదు. చక్కెర, క్రియాటినిన్, పొటాషియం, మూత్ర పరీక్షల నమూనాలను ఇప్పుడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తీసుకుంటున్నారు, 2021 నుండి కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్, ఆదిలాబాద్, ఆసిఫాబాద్‌లలో వెలసిన తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రాలు వాటిని ఉచితంగా పరీక్షిస్తున్నాయి. ఆ పుస్తకాన్ని, పరీక్ష కాగితాన్ని, వాడుతున్న చూర్ణం పొట్లాన్ని డాక్టరుకూ ఆయుర్వేద వైద్యుడికీ ఇద్దరికీ చూపించాలి. అప్పటివరకు మంచం నుండి దొడ్డిదాకా రాత్రి ఒక చిన్న బల్బు వెలగనిచ్చి, నడవలేనివారి మంచం పక్కన మూతగల డబ్బా ఒకటి ఉంచాలి.